ఖాళీ ట్యాంకు లెక్క

ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా ఖాళీ సారు అంటారు. ముప్పై ఏళ్లుగా ట్యాంకుల పునాదుల లెక్కలు సరిచూడటమే ఆయన ఉద్యోగం. ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు అడిగేది ఒకటే: "ఖాళీగా ఉన్నప్పుడు చూశారా?" చూడలేదంటే అంతెత్తున లేస్తాడు.

ఆ రోజు కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి ఒక పొడవాటి నీళ్ల ట్యాంకు లెక్క తెచ్చింది. గాలి ఎంత తోసినా ట్యాంకు పునాదితో సహా తిరగబడదని, దాన్ని ఆపే బరువు గాలి తోపుకు మూడింతలు ఉందని చూపించింది.

"నిండు కుండ తొణకదు, నాకూ తెలుసు. నీళ్లు తీసేసి చెయ్యి," అన్నాడు.

ఆమె అక్కడే కూర్చుని చేసింది. మూడింతలు కాస్తా సరికి సరి అయి కూర్చుంది. ఆమె ముఖం చిన్నబోయింది.

"ఖాళీ అయ్యేది ఏడాదికి ఒక్కరోజే కద సార్, కడగడానికి. దానికోసం పునాది ఇంత పెంచాలా?"

ఆయన అరుస్తాడని పక్క బల్లవాళ్లు తలలు దించుకున్నారు. ఆయన అరవలేదు. కళ్లజోడు తీసి, చాలాసేపు తుడిచాడు.

"మా అన్నయ్య ట్యాంకులు కడిగేవాడమ్మా. ఆ రోజు ఉన్నట్టుండి గాలి లేచింది. ట్యాంకులో నీళ్లు లేవు, నువ్వన్నట్టు ఏడాదికి ఆ ఒక్కరోజే. లోపల అన్నయ్య ఉన్నాడు."