ఊడిన వైరులోంచి వచ్చిన ఫైలు

జగ్గయ్యపేటలో నా పరువు పోయిన కథ ఇది. పోయింది ఏ మూలనో కాదు. ప్రిన్సిపాల్ గారి ముందు, నందిగామ నుంచి వచ్చిన అతిథి ముందు, ముప్ఫై మంది విద్యార్థుల ముందు. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో అక్కడి ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను కంప్యూటర్ మాస్టారిని. వయసు ఇరవై నాలుగు, గర్వం మాత్రం అంతకు రెట్టింపు. ల్యాబులోని కంప్యూటర్లన్నీ వైర్లతో ఒక సర్వర్‌కి కలిపి ఉండేవి. ప్రాక్టికల్ పరీక్షకు కావలసిన పెద్ద ఫైలు ఆ సర్వర్‌లో ఉండేది. దాన్ని ఒక్క కంప్యూటర్‌లోకి కాపీ చేయడానికే పన్నెండు నిమిషాలు. అందరూ ఒకేసారి మొదలుపెడితే ఎంత కాపీ అయిందో చూపే తెర మీది గీత పత్తి లోడు ట్రాక్టరు ఎత్తు ఎక్కుతున్నట్టు కదిలేది.

"ఇట్లయితే పరీక్ష సెంటరు నందిగామకి మారుస్తారంటయ్యా! వత్సవాయి, పెనుగంచిప్రోలు పిల్లలు అంతదూరం ఎట్లా పోతారు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"నాకొదిలెయ్యండి సార్," అన్నాను, భూమిని మోసే ఆదిశేషుడిలా.

రెండు రోజులు వైర్ల చివర్లన్నీ కత్తిరించి కొత్త ప్లగ్గులు నొక్కాను. చాలక, నా కంప్యూటర్‌లో మెనూలన్నీ తెరిచి కనిపించిన ప్రతి గడిలోనూ టిక్కు పెట్టాను. అర్థం చదివి పెట్టానా అని అడగకండి. మర్నాడు అదే ఫైలు కాపీ చేస్తే ఐదు సెకన్లు! మళ్లీ చేశాను. ఐదే! కుర్చీలోంచి లేచి ఎగిరాను. ప్రిన్సిపాల్ గారు ఆ పూటే నందిగామకు ఫోన్ చేశారు.

అక్కడి కాలేజీ నుంచి సుభద్ర మేడం వచ్చారు. ఇరవై ఏళ్ల అనుభవం, కళ్లజోడు పైనుంచి చూపు. సెంటరు ఎక్కడన్నది తేల్చేది ఆవిడే.

"చూస్తూ ఉండండి మేడం," అంటూ మౌస్ నొక్కాను. ఐదు సెకన్లు. పిల్లలు చప్పట్లు. ప్రిన్సిపాల్ గారు పెళ్లికొడుకు తండ్రిలా నిలబడ్డారు.

మేడం చేతిలో పెన్ను జారి కింద పడింది. దానికోసం వంగి, అక్కడే ఆగిపోయారు.

"మాస్టారూ, ఈ వైరు దేనిదండీ?"

"ఈ కంప్యూటర్‌దేనండి. ప్లగ్గు నేనే నొక్కా!"

"మరి కింద పడి ఉందేంటండీ?"

వంగి చూశాను. పొద్దున ఊడ్చేటప్పుడు లాగేసినట్టున్నారు, వైరు నేల మీద తోకలా పడి ఉంది. వైరే లేకుండా ఫైలు వచ్చింది! అరనిమిషం పాటు నాకు దైవశక్తి ఉందనే అనుకున్నాను.

మేడం మెనూ తెరిచి చూసి పకపకా నవ్వారు. "పెద్ద జాడీ అటక మీదుంటది. రోజూ ఎక్కలేక చిన్న సీసాలోకి కాస్త పచ్చడి తీసిపెట్టుకుంటాం. మీరు పెట్టిన టిక్కు వల్ల మీ కంప్యూటర్ కూడా ఫైలుని ముందే ఒకసారి తెచ్చుకుని తన దగ్గర దాచిపెట్టుకుంది. కంప్యూటర్ భాషలో క్యాష్ అంటే డబ్బు కాదు, అదేనండీ. మీరేమో సీసాలోంచి వడ్డించి, అటకెక్కి దిగానంటున్నారు!"

ముప్ఫై మంది ఒక్కసారిగా నవ్వారు. బల్ల కింద ఇంకా చోటుందేమోనని చూశాను.

"అయితే సెంటరు పోయినట్టేనా అమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఎందుకు పోద్దండీ? తెలియకపోయినా టిక్కు సరైన చోటే పెట్టారు మాస్టారు. అన్నిట్లోనూ ఇట్లాగే పెట్టి, పరీక్షకి ముందురోజే ఒక్కోదాంట్లోకి ఫైలు తెప్పించండి. పరీక్షప్పుడు ఎవరిది వాళ్ల దగ్గరే ఉంటది."

అలాగే చేశాను. పరీక్ష రోజు ముప్ఫై మందీ ఒకేసారి మౌస్ నొక్కారు. ముప్ఫై తెరల మీదా ఫైలు చిటికెలో ప్రత్యక్షం! సెంటరు మా ఊళ్లోనే నిలిచింది. నేను కాలర్ ఎగరేసుకుంటూ తిరిగాను.

తర్వాతి వారం వాళ్ల ల్యాబు కూడా సరిచేయమని మేడం నన్ను నందిగామ పిలిపించారు. గుమ్మంలో అడుగు పెట్టగానే తమ స్టాఫ్‌కి గర్వంగా పరిచయం చేశారు:

"వైరు లేకుండా ఫైలు కాపీ చేసిన మాస్టారు ఈయనేనండీ!"

అందుకే సర్వజనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ నెట్‌వర్క్ వేగాన్ని కొలవాల్సి వచ్చినా ముందు మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద చూస్తాను. గడియారం చూసేది ఆ తర్వాతే.