గుంజితే రాదు మావా: డీజే మిక్స్

సన్యాసి మావ పాటకి చిందెయ్యని మనిషి మా చుట్టుపక్కల లేడు, సన్యాసి మావ తప్ప.

వజ్రపుకొత్తూరు మండలంలో మాదొక చేపల పల్లె. పడవ సముద్రంలో పెద్దవల చుట్టేసి వస్తే, ఒడ్డు మీద రెండు జట్లు రెండు తాళ్లు పట్టి లాగుతాం. నేనూ అందులో ఒకణ్ణి. లాగడానికి పాట కావాలి. సరదాకి కాదండోయ్, ముప్పై మంది ఒక్కసారే లాగి ఒక్కసారే ఆగడానికి. పాట చెప్పేవాడు తాడు ముట్టడు, నీళ్లనే చూస్తుంటాడు. వల అడుగు ఇసకను వదిలి లేస్తోందనిపిస్తే పాట సాగదీస్తాడు, మా చేతులు నెమ్మదిస్తాయి. అడుగు లేచిందా, చేపలు కిందనుంచి జారిపోతాయి.

ఒకప్పుడు సన్యాసి మావ తాడుకి ముందు నిలబడేవాడు. తరవాత కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో అదేం వింత కాదు, ఏ ఇంట్లో లేదో చెప్పడం తేలిక. బరువు పనులు మానమన్నాడు డాక్టరు. మావకి మిగిలింది పాటొక్కటే. పాట ఉన్నంతకాలం జట్టులో మనిషి, వాటాలో మనిషి. "ఈయనకి నామీద కన్నా ఆ తాడు మీదే ఇట్టం" అని నూకాలమ్మత్త దెప్పుతూనే గంజి కట్టిచ్చి పంపేది.

పలాసలో డీజే బాక్సులు నడిపే కామేశ్ ఒకరోజు వచ్చి పాట రికార్డు చేసుకుంటానన్నాడు. మావ పొంగిపోయి మూడుసార్లు పాడాడు, టీ కూడా తనే ఇప్పించాడు.

"గుంజితే రాదు మావా, గోముగా పిలిత్తే వత్తాది..."

కామేశ్ దానికింద ధడధడమని బీటు తగిలించి యూట్యూబులో వదిలాడు. పేరు కామేశ్‌ది, బొమ్మ కామేశ్‌ది. గొంతు ఎవరిదని అడిగిన పాపాన ఎవడూ పోలేదు. ఆ తరవాత పెళ్లి మిక్స్, నిమజ్జనం మిక్స్, రోడ్ షో మిక్స్. ఒకదాన్ని మించి ఒకటి వేగం. గుంజొద్దురా నాయనా అని చెప్పే పాటకి టెక్కలి కాలేజీ కుర్రాళ్లు చొక్కాలు గుంజుకుంటూ గెంతారు. అబద్ధమెందుకు, మా బావమరిది పెళ్లిలో నేనూ గెంతాను.

వల యజమాని ఈశ్వరరావు చెడ్డవాడేం కాదు. ఒక స్పీకరు కొనుక్కొచ్చి ఎంతో ప్రేమగా అన్నాడు: "మావా, ఈ ఎండలో నీకేటి కర్మ? నీ గొంతు మనకాడే ఉంది గదా, ఇంటికాడ రెస్టు తీసుకో."

మరి వాటా? ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అయినా మావ రోజూ వచ్చేవాడు, మా వెనక నిలబడేవాడు.

కానాగంత చేపల గుంపు వల చుట్టులో పడిన రోజది. స్పీకర్లో పెళ్లి మిక్స్ మోగుతోంది, మేం ఊగిపోతూ లాగుతున్నాం. మావ మోకాళ్లలోతు నీళ్లలోకి పరిగెత్తాడు.

"ఆపండ్రా! ఒరే, ఆపండ్రా! అడుగు లేత్తంది!"

స్పీకర్లోని మావ గొంతు ముందు అసలు మావ గొంతు ఏ మూలకి? కానీ నాకు వినబడింది. గంగమ్మ తల్లి సాక్షి, వినబడింది. అందరూ లాగుతుంటే నేనొక్కణ్ణే ఆగడమేమిటని లాగుతూనే ఉన్నాను.

వల సంచి ఒడ్డుకొచ్చింది. లోపల నాలుగు పీతలు, కాస్త నాచు.

"సూసినోడివి సెప్పొద్దేటి మావా?" అన్నాడు ఈశ్వరరావు.

"సెప్పినాను బాబూ. నా పాట మోగతంటే నా మాట ఎవుడికి ఇనబడుద్ది?"

మావ తల తుడుచుకుని ఇంటికి పోయాడు. మర్నాటి నుంచి రాలేదు.

ఆ గొడవంతా జట్టులో ఎవడో ఫోన్లో తీసి కామేశ్‌కి పంపాడట. పది రోజులకల్లా కొత్తది దిగింది: 'ఆపండ్రా మిక్స్'. పాట ఊపులో ఉండగా బీటు టక్కున ఆగిపోతుంది. "ఆపండ్రా!" అని మావ ప్రాణం పెట్టి అరుస్తాడు. జనం ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోతారు, ఆ వెంటనే రెట్టింపు వేగం. ఇంతకుముందువన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు. ఈశ్వరరావు ఒడ్డు మీదా దాన్నే పెడుతున్నాడు. ఇప్పుడు మేం పాట ఆగమన్నచోట ఆగుతున్నాం. వల ఎక్కడ ఆగమంటోందో చూసేవాడు లేడు.

మావ ఇప్పుడు అత్తతో కలిసి పలాస బస్సెక్కి జీడిపప్పు బట్టీకి పోతున్నాడు. కూర్చుని పప్పు మీద పొట్టు తీసే పని. మొన్న వెళ్లాను. ఆరోజు విన్నానని చెప్పేసి, కాళ్లు పట్టుకుందామనే వెళ్లాను. షెడ్డు నిండా ఆడవాళ్లు, ఒకామె ఫోన్లో అదే పాట. "ఆపండ్రా!" అనగానే పదిహేను మంది చేతులు ఠక్కున ఆగిపోయాయి, నవ్వులే నవ్వులు. మావ కత్తి పక్కన పెట్టి ఆ చేతులన్నింటినీ ఒకసారి చూసుకున్నాడు.

"సూసినావా అల్లుడూ, ఇక్కడ ఆపమంటే ఆపుతన్నారు."

నేను అరకేజీ పప్పు కొనుక్కుని వచ్చేశాను.