ఆరున్నొకటి

చెన్నపట్నంలో పొంగణాలు పోసే పెనానికి చుట్టూ ఆరు గుంటలు, నడుమ ఒక గుంట ఉంటాయి. నెయ్యి బండ్ల వెంట మొదటిసారి పట్నం పోయినప్పుడు, నా ఇరవయ్యో ఏట, ఈ సంగతి లెక్కపెట్టుకున్నాను. ఏది చూసినా ముందు లెక్కపెట్టడం నా అలవాటు. నేను బడికి పోలేదు. చింతగింజలతో కూడికలు, తీసివేతలు నేర్చుకున్నాను. పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే బడి అరుగు కింద నిలబడి విన్నాను. ఉదయగిరిలో ఎవరి కళ్ళంలో ధాన్యం కొలవాలన్నా, ఎవరు తవ్విన మట్టి కొలవాలన్నా తర్వాత నన్నే పిలిచేవారు.

మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. రెండు, మూడు అంటూ పోయి, ఆరు తర్వాత ఆరున్నొకటి అంటారు. కళ్ళంలో నిలబడి ఆ అసలు అంకె పలికితే ఇంటివాళ్ళను ఏడవమన్నట్టే. ముప్పై ఏళ్ళుగా నేను ఆ అంకెను నోటితో అనలేదు. అలవాటుకొద్దీ ఇంట్లోనూ అనేవాడిని కాదు.

నా భార్య మా అక్క కూతురు. ఆత్మకూరులో పుట్టి, పదమూడో ఏట నా ఇంటికి వచ్చింది. పెళ్ళికి ముందు మామా అని పిలిచేది, పెళ్ళయ్యాక కూడా అదే పిలుపు. మాకు పిల్లలు లేరు.

ధాత సంవత్సరంలో వానలు పోయాయి. ఈశ్వర వచ్చింది, వాన రాలేదు. కొండ కింద కరువు పనికి రోడ్డు వేస్తుంటే, కూలీలు తవ్విన గుంటలు కొలిచే పని నాకు దొరికింది. దాని మీద వారానికి పద్నాలుగు సోలల జొన్నలు ఇంటికి తేగలిగేవాడిని. మనిషికి రోజుకు ఒక సోల. వారం మొదట్లో నేనే కొలిచి కుండలో పోసేవాడిని. సోలను రాశి పోయకుండా, వేలితో తలగొట్టి కొలిచేవాడిని. రోజూ తీసి, చెరిగి, రాళ్ళు ఏరి, దంచి వండడం ఆమె పని.

చీకటి పడకముందే గంజి తాగేవాళ్ళం. ఆ తర్వాత చేయడానికి ఏమీ ఉండేది కాదు. అప్పుడు ఆమె అడిగేది.

"మామా, ఈ పొద్దు పట్నంలో ఏం తిందాం?"

"పొంగణాలు."

"నిన్న గూడా అవే గదా తినింది."

"నిన్న తినినవి కారం పొంగణాలు. ఈ పొద్దు బెల్లంవి."

"ఎన్ని?"

"పెనం మింద ఎన్నుంటే అన్ని. ఆరున్నొకటి."

"నడిమిది నాకు. దానికి సెగ బాగా తగులుతాది. అడుగున ఎర్రగా కాలి ఉంటాది."

ఆమె పెనాన్ని చూడనేలేదు. నేను చెప్పినదాన్ని బట్టి ఎక్కడ సెగ తగులుతుందో పోల్చుకున్నది. అలా రోజుకొకటి తిన్నాం. తెల్లవారుజామున వీధి గడపల్లో అమ్మే ఇడ్డెనలు, సముద్రపు ఒడ్డున కొబ్బరి చల్లిన శనగ గుగ్గిళ్ళు, ఎండలో ఉప్పు మజ్జిగ. అన్నీ దమ్మిడీలతో అయ్యేవే. దేశాంతరం నుంచి ఓడల్లో వచ్చే నీటిగడ్డ సంగతి ఒక్కటే ఆమె నమ్మలేదు.

"నీళ్ళు రాయవుతాయా? పస్తుండి నీకు మతి పోయినాది మామా."

"చేత్తో పట్టుకున్నాను. బండిలోంచి ముక్క రాలిపడింది."

"అయితే వానలు పడినాక నన్ను తీసకపో. నా చేతిలో పెట్టినాక నమ్ముతాను."

తీసుకుపోతానన్నాను.

రెండో వారం చివర కుండలో రెండు సోలలు మిగిలాయి. మూడో వారం మూడు. ఆ తర్వాత ప్రతి వారమూ మూడే. నేను కొలిచినవి పద్నాలుగు. ఇద్దరం రోజూ తింటూనే ఉన్నాం. మిగలకూడదు. ఇంకెవరి ఇంట్లోనైనా ఇలా జరిగితే ఎక్కడ తప్పిందో పట్టుకునేదాకా నిద్రపోయేవాడిని కాదు. నా ఇంట్లో కాబట్టి, నా చేతి కొలతే నిండుగా పడుతోందనుకున్నాను. ఆమెతో కూడా అన్నాను, "నా చేతిలో లాభం ఉండాది చూడు" అని. ఆమె నవ్వింది. "మరి అమ్మకు పంపు" అన్నది.

ఆత్మకూరులో అక్క ఒంటరిగా ఉండేది. బావ ఎప్పుడో పోయాడు. అనుమసముద్రం దర్గాకు నడిచిపోయే ఒక ఫకీరు వారం విడిచి వారం మా వీధిన వెళ్ళేవాడు. మిగిలిన జొన్నలు మూటకట్టి ఆయన చేతికిచ్చేవాడిని. దారిలో ఒక్క గింజ కూడా తగ్గలేదని తర్వాత తెలిసింది.

పదకొండు వారాలు అలా జరిగింది. ఈశ్వర ఆషాఢంలో ఆమెకు జ్వరం వచ్చింది. మూడు రోజులు. నాలుగో రోజు పోయింది. ఎత్తినప్పుడు చేతులకు బరువు తెలియలేదు. కరువులో అందరూ అంతే అన్నారు పక్కవాళ్ళు. నేనూ అంతే అనుకున్నాను.

తర్వాతి వారం నా ఒక్కడికే కొలుచుకున్నాను. రోజుకు ఒక సోల. వారం చివర కుండ వంచితే ఒక్క గింజ రాలలేదు.

అప్పుడు తెలిసింది. మిగిలిన మూడు సోలలూ ఆమెవి. తన వంతు తీసి, మళ్ళీ కుండలో పోసింది. ఆమె గిన్నెలో గంజి నాకంటే ఎప్పుడూ పలచగా ఉండేది. తనకు పలచనే ఇష్టమని చెప్పేది. పదకొండు వారాలలో ఎన్ని సోలలు అయి ఉంటాయో లెక్కవేయడానికి నాకు క్షణం పట్టదు. వేశాను. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలి? చెబితే అక్కకు చెప్పాలి. ఆ జొన్నలతోనే అక్క బతికింది.

వానలు పడ్డాయి. బహుధాన్య పోయి ప్రమాథి వచ్చింది. అక్క కళ్ళకు పొరలు కమ్మాయి. ఆత్మకూరు పోయి చూస్తే నా ముఖాన్ని చేత్తో తడిమి గుర్తుపట్టింది. చెన్నపట్నంలో కంటి ఆస్పత్రి ఉందని, పొర తీస్తారని విన్నాను. నెల్లూరు దాకా బండి, అక్కడినుంచి ఇంకో బండి, ఆ తర్వాత కాలువ పడవ. ఎనిమిది రోజులు పట్టింది. దారి పొడుగునా చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

ఆస్పత్రిలో ఆమె రెండు కళ్ళూ చూసి, పొర ఇంకా ముదరలేదు, ఆరు నెలలాగి రమ్మన్నారు.

"ఏందిరా వీళ్ళు చెప్పేది? పూర్తిగా గుడ్డిదాన్ని అయినాక రమ్మనా?"

"అంతే అక్కా. పచ్చికాయ కోయరంట."

"మా ఊర్లోనే కూచోని మాగేదాన్ని గదా. ఇంత దూరం ఎందుకు తెచ్చినావు?"

తిరుగు పడవకు మూడు రోజులు గడువుంది. అప్పుడు అక్కే అన్నది, "పిల్ల నాకు చెప్పింది. మామ నన్ను రోజూ పట్నం తిప్పుతున్నాడమ్మా, నీళ్ళు రాయవుతాయంట, నేను నమ్మలేదు అని ఫకీరుతో కబురంపింది. అదేదో నాకు గూడా తిప్పు. కొంచెం చూపుండాది గదా ఇంకా."

కాబట్టి తిప్పాను. మేం దిగిన సత్రం పక్క సందులో తెల్లవారుజామున ఇడ్డెనలు తిన్నాం. అక్క నాలుగు తిని, "మన ముసలోళ్ళ కోసమే చేసినట్టుండాదిరా, పన్నుతో పన్లేదు" అన్నది. మధ్యాహ్నం నీటిగడ్డల బండి వెంట కొంత దూరం నడిచాం. రాలిన ముక్క తీసి అక్క అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని విడవలేదు. చేయి ఎర్రబడింది. వేళ్ళ సందున నీళ్ళు కారి, మోచేతి దాకా పోయాయి. మొత్తం కరిగాక చేయి కొంగుకు తుడుచుకుని, "పిల్ల నమ్మింది కాదు గదా" అన్నది. నేను ఆ వేళ చెప్పి ఉండవచ్చు. గుగ్గిళ్ళు కొందామా అని అడిగాను.

మూడో రోజు సాయంకాలం సముద్రం ఒడ్డుకు పోయాం. దొరల కోసం సిపాయిల బ్యాండు వాయిస్తున్నారు. దూరంగా ఇసుకలో కూర్చుంటే అది మాకూ వినిపించింది.

"పెళ్ళి ఎవరిదిరా?"

"ఎవరిదీ కాదక్కా. ఊరికే వాయిస్తారు."

"పెళ్ళి లేకుండానా? పట్నమోళ్ళకు ఎంత ఓపికో."

దగ్గరలోనే ఒకామె మూడు రాళ్ళ పొయ్యి మీద పొంగణాలు పోస్తోంది. అదే పెనం, చుట్టూ ఆరు, నడుమ ఒకటి. ముప్పై ఏళ్ళ నాటి మనిషి కాదు, పెనం మాత్రం అలాంటిదే. బెల్లపు పిండి. పొయ్యి వెలుగు పెనం మీద పడుతోంది.

"ఎన్ని కావాల పెద్దమ్మా? పెనానికి ఏడు," అన్నది ఆమె.

"పొద్దుగూకే వేళ ఆ మాట ఎందుకే?" అన్నది అక్క. "ఆరున్నొకటి అనరాదా?"

"అట్లా అంటే ఈడ ఆరుకే డబ్బిచ్చి, ఆ ఒకటీ కొసరంటారు పెద్దమ్మా."

అక్క నవ్వింది. ఈ ప్రయాణంలో ఆమె గట్టిగా నవ్వింది అప్పుడే. నేను రెండు పెనాలు పోయించి, రెండు దొన్నెల్లో పెట్టించుకుని వచ్చాను. ఒక్కొక్క దొన్నెలో ఆరు లేతవి, అడుగున ఎర్రగా కాలిన నడిమిది ఒకటి. సముద్రం వైపు తిరిగి కూర్చున్నాం.

నేను తింటూ కూడా లెక్కపెడతాను. లాభం, రెండు, మూడు. కాలినదాన్ని చివరికి ఉంచుకున్నాను. ఆరూ అయ్యాక దొన్నెలో చేయి పెడితే రెండు తగిలాయి. పొయ్యి వెలుగుకు ఎత్తి చూశాను. రెండూ ఎర్రగా కాలినవే.

ఒక పెనానికి నడిమిది ఒకటే ఉంటుంది.

నేను బ్యాండు వైపు చూసినప్పుడు అక్క తన నడిమిదాన్ని నా దొన్నెలో వేసింది. నాకు తెలియదనుకున్నది. తల్లి చేయీ, కూతురి చేయీ ఒకటే. ఆ రోజుల్లో గిన్నెల్లో చూడవలసింది ఇప్పుడు దొన్నెలో చూశాను.

"అక్కా," అన్నాను. "కరువులో నీకు పంపిన జొన్నలు నా కొలతలో మిగిలినవి కావు. పిల్ల తినకుండా మళ్ళీ కుండలో పోసినవి. నేను చూడలేదు. వారం వారం మిగులుతుంటే నా చేతి గొప్ప అనుకున్నాను. అది పస్తుండి పోయినాదక్కా. ఆ తిండి నీకు పంపినాను."

బ్యాండు వాయిస్తూనే ఉన్నారు. అక్క దొన్నెను ఒళ్ళో పెట్టుకున్నది.

"నాకు తెలుసురా."

"ఎట్లా తెలుసు?"

"మూటలో ఒక్క రాయి లేదు. ఒక్క పొల్లు లేదు. కుండలో ఊరికే మిగిలిన జొన్నల్లో రాళ్ళుంటాయిరా, మట్టుంటాది. వండను తీసినవే చెరిగి ఏరతాం. తన వంతు మానుకుంటే తప్ప, ఏరినాక మళ్ళీ కుండలో పోసే ఆడది ఎవరుంటాది?" ఆగింది. "నువ్వు సోలలు చూసినావు. నేను గింజలు చూసినాను. అప్పుడు నాకు కళ్ళు బాగుండె."

నా దొన్నెను ఇసుకలో పెట్టాను.

"మొదటి మూట విప్పిన నాడే తెలిసింది. వద్దని కబురు పెడదామనుకున్నాను. ఫకీరు వాకిట్లో నిలబడి ఉండె, ఏం చెప్పమంటావమ్మా అని. బాగుండానని చెప్పు అన్నాను. ఆకలిరా. తెలిసే తిన్నాను. ప్రతి మూటా తెలిసే తిన్నాను."

ఇన్నాళ్ళూ నేను ఆమెకు చెప్పకూడదని దాచిందే, ఆమె కూడా నాకు చెప్పకూడదని దాచుకున్నది. పక్కపక్కన కూర్చుని ఎనిమిది రోజులు బండిలో, పడవలో వచ్చాం.

కొంతసేపటికి అక్క తన దొన్నె నా వైపు జరిపింది. ఆమె ఒకటి కూడా తినలేదని అప్పుడు చూశాను.

"లెక్కపెట్టు," అన్నది. "పైకి లెక్కపెట్టు. నాకు కనపడదు."

ఒక్కొక్కటీ ఆమె చేతికిచ్చాను. ఆమె తిన్నాకే ఇంకొకటి ఇచ్చాను. "లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు." నా దొన్నెలోకి వచ్చిన ఆమె నడిమిది తీసి పట్టుకున్నాను. "ఆరున్న..." అని ఆగాను.

"ఏడు," అన్నది అక్క.

అంకె చెప్పిందో, నాకు చెప్పిందో అడగలేదు. ఆమె నా భుజం మీద చేయి వేసి, నేను ఏడ్చి ముగించేదాకా తియ్యలేదు. పొంగణాలు పోసే ఆమె ఒకసారి మా వైపు చూసి పొయ్యిలో పుల్లలు సర్దుకుంది.

తర్వాత అక్క నా చేతిలోని నడిమిదాన్ని తడిమి తీసుకుని, రెండుగా తుంచి, ఒక ముక్క నాకిచ్చింది. పొయ్యి వైపు పెట్టి చూశాను. పెద్ద ముక్క నాకు వచ్చింది. దాన్ని ఆమె చేతిలో పెట్టి, ఆమె చేతిలోని చిన్న ముక్క తీసుకున్నాను.