కాస్త ఎత్తు నుంచి పొయ్యి తల్లీ

ఆ రోజుల్లో ఎదుటి మనిషి వయసు అడగడానికైనా కాస్త మొహమాటపడేవాళ్ళేమో గానీ, కులం అడగడానికి ఎవరూ మొహమాటపడగా నేను చూడలేదు. బస్సులో పక్కన కూర్చున్నావిడ తన చంటిపిల్లను మన ఒళ్ళో పడేసి, సంచీ సర్దుకుని, కండక్టరు టికెట్టు చింపేలోపే "మీరేమిట్లమ్మా?" అనేసేది. తెలుగు బి.ఏ. చదివినదాన్ని కాబట్టి చెబుతున్నాను, "ఏమిటి" అనే మాటకి ఏ వ్యాకరణంలోనూ బహువచనం లేదు. మావాళ్ళు ఈ ఒక్క అవసరం కోసమే దాన్ని పుట్టించారు. తమాషా ఏమిటంటే, ముక్కూ మొహం తెలియనివాళ్ళని అంత ధారాళంగా అడిగే ఆ ప్రశ్న స్నేహితుల మధ్య మాత్రం పొరపాటున కూడా వచ్చేది కాదు. దాన్ని నేను సంస్కారం అనుకునేదాన్ని. కాలేజీ వక్తృత్వ పోటీలో "కులమా? అదెక్కడుంది?" అని బల్ల గుద్ది మొదటి బహుమతి కొట్టేసినదాన్ని మరి. (బహుమతి స్టీలు టిఫిన్ డబ్బా. మూత ఇప్పటికీ సరిగ్గా పడదు.)

డెబ్బైల మధ్యలో, డిగ్రీ పూర్తయిన వేసవిలో, నాకూ అనసూయకీ తిరువూరులో ఒక ట్యుటోరియల్ కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. అనసూయ నాకు బెజవాడలో మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలు. వాళ్ళది ఎ.కొండూరు అవతల పల్లె, మాది గంపలగూడెం వైపు. అనసూయ క్రిస్టియన్ అని నాకు తెలుసు, ఆదివారం చర్చికి వెళ్ళేది కాబట్టి. అంతకుమించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. చెప్పబోయినప్పుడల్లా "ఆ గొడవలు మనకెందుకే" అని నేనే పెద్ద మనసుతో నోరు మూయించేదాన్ని. ఇక్కడ ఇంకో రెండు సంగతులు చెప్పకపోతే కథ నడవదు. అనసూయది పసుపుపచ్చని పసిమి. నేను నలుపు. (పెళ్ళిచూపుల కోసం మా అమ్మ దాన్ని చామనచాయ అనేది. నేరేడుపండుని ఎవరైనా చామనచాయ అంటారా?) రెండోది, నా పేరు మేరీ. మాది తరతరాలుగా వ్యవసాయం చేసుకునే, దేవుడి ముందు కొబ్బరికాయలు కొట్టే కుటుంబమే. కాకపోతే నేను అడ్డం తిరిగి పుట్టబోతే మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ తల్లినీ పిల్లనీ బతికించింది. మా నాన్న ఆ కృతజ్ఞతతో ఆవిడ పేరే నాకు పెట్టి, మర్నాడు మా పక్కూరు నెమలి వెళ్ళి వేణుగోపాలస్వామికి మొక్కు చెల్లించి వచ్చాడు.

అనసూయ నాకంటే ముందే తిరువూరు చేరి గది వెతకడం మొదలుపెట్టింది. నాలుగిళ్ళలో "మీరేమిట్లమ్మా?" అన్నారట. నిజం చెప్పింది. నాలుగిళ్ళలోనూ గది అప్పటికప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేసినట్టు గుర్తొచ్చిందట వాళ్ళకి. మూడు వారాలు తెల్లారకుండా లేచి బస్సుకి పడి తిరిగింది పాపం. ఐదో ఇల్లు పిన్నిగారిది. పిన్నిగారు ఒంటరిగా ఉండే పెద్దావిడ, నడుం నొప్పి మనిషి. ఊరందరికీ పిన్నిగారే. ఆవిడ కూడా ప్రశ్న వేసింది గానీ, అనసూయ రంగు చూసి, పేరు విని, జవాబు కోసం ఆగలేదు. "అడగాలా ఏంటి, మొహం చూస్తే తెలియట్లా, మనోళ్ళ పిల్లే" అని తాళంచెవి చేతిలో పెట్టేసింది.

ఆ మరుసటి రోజు నేను ట్రంకు పెట్టెతో దిగాను. పిన్నిగారు అరుగు మీద నుంచే నన్ను పైనుంచి కిందకి చూసింది.

"నీ పేరేంటమ్మాయ్?"

"మేరీ అండి."

"ఊఁ," అంది. ఏమిట్లు అని అడగలేదు. రంగూ పేరూ కలిపి కూడిక చేసేసుకుంది. నన్ను అక్కడే నిలబెట్టి అనసూయని లోపలికి పిలిచింది గానీ, ఆవిడ గుసగుస వీధి చివరిదాకా వినపడే రకం. "ఆ పిల్లతో ఒకే గదిలో ఉండగలవా తల్లీ?"

"ఉంటానండి. నోరు కాస్త పెద్దది గానీ మంచి పిల్లే," అంది అనసూయ గొంతు. అందులో నవ్వు నొక్కిపెట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

"నీది బంగారం లాంటి మనసు. సరే ఉండమను. నాకూ పట్టింపులేం లేవు. ఏదో బావి దగ్గరకి మాత్రం రావద్దను."

గదిలోకి వచ్చి తలుపేసుకుని, అనసూయ మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. నేనూ నవ్వాను. నిజం చెప్పొద్దూ, ఎంతో ఘనకార్యం చేస్తున్నట్టు అనిపించింది. స్నేహితురాలి కోసం ఈపాటి చేయలేనా అనుకున్నాను. నిజం బయటపడితే దాని గది పోతుంది, గది పోతే పని పోతుంది. నేను నోరు మూసుకోవడమే కదా కావలసింది! (నన్ను ఎరిగినవాళ్ళకి అదెంత పెద్ద పనో తెలుసు.)

అదెంత కష్టమో మర్నాడు పొద్దున్నే బావి దగ్గర తెలిసింది. చేద మీద నేను చెయ్యి వేయబోతే పిన్నిగారు వంటింటి కిటికీలోంచి ఒక్క కేక పెట్టింది. అనసూయ వచ్చి తోడింది. నేను పళ్ళు తోముకుని దోసిలి పట్టాను. తను పోస్తోంది. "కాస్త ఎత్తు నుంచి పొయ్యి తల్లీ, తగులుతుంది!" అని కిటికీ. అనసూయ చెంబు ఎత్తింది. "ఇంకాస్త!" ఇంకాస్త ఎత్తింది. నీళ్ళు దోసిట్లో సగం, జాకెట్టు మీద సగం. మొదటిరోజు నవ్వొచ్చింది. మూడో రోజు రాలేదు. అయిదో రోజు పిన్నిగారు నెమలి వెళ్ళి ప్రసాదం తెచ్చి, అనసూయ చేతిలో పెట్టి, నా చేతిలోకి మాత్రం జానెడు ఎత్తు నుంచి జారవిడిచింది. మా స్వామి ప్రసాదం! నా పుట్టుకకి మొక్కు తీర్చిన స్వామి! ఆ పులిహోర నేల మీద పడింది గానీ, మంట నా అరికాలి నుంచి నెత్తికెక్కింది.

గదిలోకి వచ్చి, "ఇక నా వల్ల కాదే," అన్నాను. "నేనేమన్నా అలాంటిదాన్నా?"

అనసూయ తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆగింది. "ఎలాంటిదానివి?" అంది.

వక్తృత్వంలో బహుమతులు కొట్టిన నోరు. ఇంట్లో మా నాన్ననీ, కాలేజీలో లెక్చరర్లనీ, బస్సులో కండక్టర్లనీ వాదనలో ఓడించిన నోరు. తెరుచుకుంది. ఏమీ రాలేదు.

"నీకిది అయిదు రోజులే," అంది అనసూయ. కోపంగా కాదు, లెక్కల టీచరు తప్పు చూపించినట్టు. "కులం లేదు లేదు అంటావు చూడు, నీకు లేదే, నిజమే. మీ కులానికి పేరు కూడా అక్కర్లేదు. మనోళ్ళు అంటే చాలు. నాకు చిన్నప్పట్నుంచీ పేరు పెట్టి పిలిచి మరీ ఎత్తు నుంచి పోశారు. నేను చెబుదామని నోరు తెరిస్తే, వద్దులేవే అని నువ్వు మూయించావు."

"నువ్వు బాధపడతావని..."

"నేను బాధపడతాననా, నీకు వినడం కష్టమనా?"

నేను ట్రంకు పెట్టె మీద కూలబడ్డాను. ఆ మధ్యాహ్నమంతా అది చెప్పింది, నేను విన్నాను. హాస్టల్లో ఎవరెవరు ఏమన్నారో, ఏ సంబంధం కోసం ఏ స్నేహితురాలు దాన్ని తన ఇంటికి పిలవడం మానేసిందో, అన్నీ. కొన్ని చోట్ల పడీ పడీ నవ్వుకున్నాం కూడా, ఎందుకంటే అనసూయ మనుషుల్ని అనుకరిస్తే రాయైనా నవ్వాలి. ఒకచోట అది అచ్చం నన్నే అనుకరించింది. ("ఆ గొడవలు మనకెందుకే" అంటూ చీర కొంగు విసరడం.) అక్కడ మాత్రం నేను కాస్త తక్కువగా నవ్వాను.

ఈలోగా ఆవకాయల రోజులొచ్చాయి. పిన్నిగారికి నడుం వంగదు కాబట్టి కాయలు తుడవడం, ముక్కలు కొట్టడం, కారం ఉప్పు ఆవపిండి కలపడం, మోచేతుల దాకా నూనెతో జాడీలకెత్తడం మొత్తం అనసూయే చేసింది. పిన్నిగారు స్టూలు మీద కూర్చుని, "మనోళ్ళ పిల్ల చెయ్యి పడితే ఆ రుచే వేరు" అని మురిసిపోయింది. నన్ను ఆ వాకిట్లోకే రానివ్వలేదు. ఏడాదికి సరిపడా నాలుగు జాడీలు వరసగా నిలబడ్డాయి.

సరిగ్గా వారానికి, మా మేనత్త చెప్పాపెట్టకుండా గంపలగూడెం బస్సెక్కి వచ్చింది. మేమిద్దరం పొద్దుటి క్లాసు ముగించుకుని వచ్చేసరికి, ఆవిడ పిన్నిగారి వంటింట్లో విస్తరాకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. కొత్తావకాయ, నెయ్యి, వేడన్నం. ఎదురుగా పిన్నిగారు విసనకర్రతో. అప్పటికే ఏమిట్లు అయిపోయింది, ఇంటిపేర్లయిపోయాయి, పిన్నిగారి తోడికోడలి పుట్టింటికీ మా మేనత్త అత్తింటికీ చుట్టరికం కూడా తేలిపోయింది. ("మా పిల్ల" అందే గానీ అత్త నా పేరు చెప్పలేదట.) గుమ్మంలో మమ్మల్ని చూసి పిన్నిగారు మొహం చేటంత చేసుకుని, "రావే అనసూయా! మీ అత్తయ్య వచ్చింది!" అంది.

మా అత్త తలెత్తింది. "అనసూయెవరండీ? మా పిల్ల ఇదిగో, ఈ నల్లది. ఒసే మేరీ, చిక్కిపోయావేంటే?"

విసనకర్ర ఆగింది. పిన్నిగారు నన్ను చూసింది, మా అత్తని చూసింది. "మేరీ... మనోళ్ళ పిల్లా?" అని అతి కష్టం మీద అంది.

"ఆ పేరు డాక్టరమ్మదండీ వదినగారూ. మా అన్నయ్య పిచ్చి," అని మా అత్త నా పుట్టుక కథ మొత్తం, అడ్డం తిరగడంతో సహా, చేతులూపుతూ చెప్పింది. పిన్నిగారు నుదురు కొట్టుకుంది. "అయ్యో తల్లీ! బావి ముట్టనివ్వలేదే నిన్ను!" అని నావైపు రెండడుగులు వేసి, మధ్యలో ఆగింది. చూపు మెల్లగా అనసూయ మీదకి తిరిగింది. "మరి నువ్వు..."

నేను ముందుకు దూకాను. "అనసూయ వాళ్ళు కూడా..." అని, ఏ అబద్ధం చెప్పాలో ఇంకా తెలియకుండానే మొదలుపెట్టాను. అనసూయ నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వాగు. నన్నడుగుతున్నారు." అని పిన్నిగారి వైపు తిరిగి, "మేం మాలోళ్ళమండి," అంది. "మీరడిగినరోజే చెప్పేదాన్ని. మీరు చెప్పనివ్వలా. నాకూ గది కావాలి, ఊరుకున్నా."

మా అత్త చేతిలో ముద్ద నోటికీ ఆకుకీ మధ్య ఆగిపోయింది. పిన్నిగారు బావి వైపు చూసింది. మూడు వారాలుగా తాగిన నీళ్ళన్నీ అనసూయ తోడినవే. తర్వాత జాడీల వైపు చూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "నాకీమధ్య చెవులు సరిగ్గా వినపడట్లేదమ్మా. నువ్వేదో అన్నావు, నాకు తెలీలా," అంది.

పెద్దావిడ అంత మర్యాదైన దారి చూపిస్తే ఎవరైనా అటే జారుకుంటారు. అనసూయ జారుకోలేదు. "మాలోళ్ళం అన్నానండీ!" అంది, ఈసారి గట్టిగా.

"వినపడిందిలేవే! అరవకు, వీధంతా వినాలా?"

మా అత్త చేతిలోని ముద్ద వైపు ఒకసారి చూసుకుంది. (ఆవిడ సంఘసంస్కర్త కాదు. మా ఇంటి పెరటి గుమ్మం దగ్గర పాలేళ్ళకి విడిగా పెట్టిన గ్లాసులు ఆవిడవే.) కానీ అది నాలుగో వాయి. ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. "ఈ ఆవకాయ ఎవరు కలిపారండీ?" అంది.

"అనసూయే," అన్నాను నేను.

"ఉప్పు సరిగ్గా పడింది. ఇంకొంచెం వెయ్యండి వదినగారూ."

పిన్నిగారు వేసింది.

రెండు రోజులు ఆవిడ మాతో మాట్లాడలేదు. అనసూయ బట్టలు సర్దిపెట్టుకుంది. నేను నా ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. మూడోరోజు పొద్దున్నే తలుపు మీద దబదబా బాదుడు. "మాగాయకి కాయలొచ్చాయి. చేతులు కడుక్కుని రావే అనసూయా. మేరీ, నీకు చాకు పట్టడం వచ్చా? రాదూ? అయితే కాకుల్ని తోలు." నా ఉపన్యాసం వినేవాళ్ళు లేక వృథా అయిపోయింది. పిన్నిగారు మారిపోయిందని మాత్రం నేను చెప్పను. పక్కగదికి అద్దెకొచ్చినవాళ్ళని ఆ నెలలోనే "మీరేమిట్లు?" అని అడగడం నా చెవులతో విన్నాను. ఆవిడకి అనసూయ ఒక్కర్తే మినహాయింపు. కానీ ఆ వేసవంతా ఆ బావి చేద ఎవరిదీ కాలేదు, ముందు లేచినవాళ్ళది అయింది. అంటే ఎప్పుడూ అనసూయదే.

ఇప్పుడు మా ఇద్దరికీ కళ్ళజోళ్ళొచ్చాయి. నా నోరు తగ్గలేదని మా ఇంట్లోవాళ్ళంటారు. అనసూయ దగ్గర మాత్రం అది ముందు వింటుంది, తర్వాతే లేస్తుంది. మొన్న ఎండలో పడి వాళ్ళింటికి వెళ్ళి మంచినీళ్ళడిగాను. చెంబు తెచ్చి, గ్లాసు ఇవ్వకుండా, వాళ్ళ పిల్లలు నోరు తెరుచుకు చూస్తుండగా, వాకిట్లో చెంబుని తలకంటే పైకెత్తి పట్టుకుని నిలబడింది. నేను మాట్లాడకుండా కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, వంగి, దోసిలి పట్టాను.

"ఇంకాస్త ఎత్తు నుంచి పొయ్యనా తల్లీ?" అంది.

"పొయ్యవే," అన్నాను. మంచి పట్టుచీర, మొత్తం తడిసింది.