మా బాపు గొంతు రెండో నంబరు డిస్కుల ఉన్నది

మా చిన్నప్పుడు... మా బాపు గొంతును మా మామ పోగొట్టిండు. డిస్క్ ఖరాబైందని చెప్పిండు. డిస్క్ ఖరాబు కాలే. గా సంగతి నాకు పోయిన నెల తెలిసింది.

మాది నస్పూర్. బాపు గల్ఫ్‌ల బిల్డింగులకు ఇనుప పైపులతోని పరంజా కట్టేటోడు. నేను నాలుగో తరగతిల ఉండంగ ఆయనకు అక్కడ్నే పక్షవాతం కొట్టింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. ఇంటికి పంపిండ్రు. ఇప్పటికీ ఉన్నడు... మాట మాత్రం మల్ల రాలే.

ఆయన సూట్‌కేసుల ఒక దుప్పటి, నాలుగు సబ్బులు, ఒక డీవీడీ ఉండె. పనోళ్లకు జాగ్రత్తలు నేర్పెతందుకు కంపెనీ తీసిన వీడియో. అండ్ల బాపు పసుపుపచ్చ టోపీ పెట్టుకోని, "పహ్లే బెల్ట్ బాంధో, ఫిర్ చఢో" అని హిందీల అంటడు, ముందు బెల్టు కట్టుకోని ఎక్కుమని. అనంగనే కెమెరా పట్టుకున్నాయన దిక్కు చూసి, "మంచిగొచ్చిందా సారూ?" అని తెలుగుల అడుగుతడు. అక్కడ ఎవ్వరికి తెలుగు రాదు. కొయ్యకుంట అట్లనే ఉంచిండ్రు.

గా రోజులల్ల ఫోన్ల మాట్లాడుకునుడే గని రికార్డు చేసుకోవాలెనని ఎవరికి తెలుసు... బాపు గొంతు గా డిస్కుల తప్ప ఏడా లేదు.

మామ అంటే అవ్వ తమ్ముడు, అమ్మకు తోడవుట్టినోడు. బొగ్గుబాయిల నౌకరి. మా వాడకట్టుల మొదట కంప్యూటర్ కొన్నది ఆయనే. అత్త దాని మీద కుట్టుపూల గుడ్డ కప్పి ఉంచేది. ముడితే షాకు కొడ్తదని మమ్ముల బెదిరిచ్చేది.

దసరా నాడు జమ్మి ఇచ్చుకునుడు అయినంక అందరం ఆళ్లింట్ల జమైనం. టీవీ కింది ప్లేయర్‌ల డిస్క్ నడువలే. మామ కంప్యూటర్‌ల పెట్టిండు. తెర మీద ఒక డబ్బ వచ్చింది, అంతా ఇంగ్లీషు.

"ఏం రాసింది మామా?"

"నీకెందుకురా అల్లుడా, నొక్కితె అయిపోతది."

నొక్కిండు. బాపు వచ్చిండు.

అవ్వ కొంగు నోట్లె కుక్కుకున్నది. మామ, "బావా, హీరో లెక్క ఉన్నవు పో!" అన్నడు. అందరం నవ్వినం. బాపు కుర్చీల కూసోని తెర మీద బాపును చూస్తుండు. పెదవులు కదిలిచ్చిండు... శబ్దం రాలే. చెల్లె మూణ్నెళ్ల పిల్ల, అవ్వ ఒళ్లె పండుకొని ఉండె.

"కాపీ తీయరాదు తమ్మీ" అన్నది అవ్వ.

"తీస్త తియ్యక్కా, ఏడికి పోతది? డిస్క్ నా తాన్నే ఉండనియ్యి."

ఉంచి వచ్చినం. గది మా తప్పు.

ఎండకాలం అవ్వ పోయి అడిగితె, "డిస్క్ ఖరాబైందక్కా, గల్ఫ్ సరుకు గంతే" అన్నడు. అవ్వ ఇంటికొచ్చి బియ్యం కడిగింది. బాపుకు చెప్పలే.

నేను పది తర్వాత చదువలే. మంచిర్యాలల కంప్యూటర్ రిపేర్ షాపుల పని. ఎవ్వరు నేర్పలే, విప్పుకుంట నేర్చుకున్న. పోయిన నెల ఒక పాత కంప్యూటర్ వచ్చింది. ఆ కస్టమర్ డిస్క్ ఒకటి పెడితె గదే డబ్బ కనవడ్డది. ఈసారి చదివిన.

డీవీడీలకు దేశాలను బట్టి నంబర్లు ఉంటయట. గల్ఫ్‌ది రెండు, మనది అయిదు. ఇంట్ల రాసుకున్న డిస్కుకు గీ పంచాయితి లేదు, ఫ్యాక్టరీల అచ్చేసినదానికి ఉంటది, బాపు కంపెనీ డిస్క్ గసోంటిదే. కంప్యూటర్‌ల డిస్క్ పెట్టే డ్రైవ్‌కు గూడ ఒక నంబర్ ఉంటది, అది డిస్క్ నంబర్‌తోని కలువకపోతే డ్రైవ్ తాళంచెవి ఇయ్యది. చెవి లేకపోతే చూసుడు లేదు, కాపీ తీసుడు లేదు. డ్రైవ్ నంబర్ మార్చొచ్చు... గని అయిదుసార్లే. తర్వాత ఏ నంబర్ మీద ఆగితే గదే. విండోస్ మల్ల ఎక్కిచ్చినా మారది, లెక్క డ్రైవ్ లోపల్నే ఉంటది.

గప్పుడు చూసింది, విన్నది యాదికి తెచ్చుకోని నేను వేళ్ల మీద లెక్కవెట్టుకున్న. కొన్న నాడు అయిదు. దసరాకు రెండు. అద్దె సినిమా నడుస్తలేదని మల్ల అయిదు. అత్త తమ్ముడు వస్తే మా బాపును చూపెడ్దామని రెండు. మల్ల సినిమా కోసం అయిదు. అయిపోయింది... ఇంకెన్నిసార్లు మిగిలిందో ప్రతిసారి ఆ డబ్బల రాసే ఉంటది. నొక్కుకుంట పోయిండు.

ఫోన్ చేసిన.

"డ్రైవ్ లాకైందని షాపోడు గప్పుడే చెప్పిండురా. మీ అవ్వకు ఏమని చెప్పాలె? నా చేత్తోనే అయిందని చెప్పాల్నా?"

"డిస్క్ ఏది మామా?"

"అటుక మీద ఉంటది గావచ్చు. తీరిక దొరికితె చూస్త."

ఫోన్ పెట్టేసిన. కస్టమర్ కంప్యూటర్‌కు నాలుగు స్క్రూలు బిగిచ్చిన. నాకు ఏడుపు గిట్ల రాలే. అన్నం తిన్న, రుచి తెలువలే... గంతే.

ఇప్పుడు బాపుకు ఎడమ చెవి వినవడ్తలేదు. కుడిది గూడ తగ్గుతుందని డాక్టర్ చెప్పిండు. చెల్లె ఇంటర్ చదువుతుంది. బాపు గొంతు ఎట్లుంటదని ఇంతకుముందు అడిగేది, ఇప్పుడు అడుగుతలేదు. నేను మార్పులు మిగిలి ఉన్న పాత డ్రైవ్ ఒకటి తెచ్చి రెండో నంబర్ మీద పెట్టిన. ఇగ ఏ సినిమా కోసం మార్చ. కాపీలు తీసి చెల్లె ఫోన్ల, అవ్వ ఫోన్ల ఏస్త. డిస్క్ ఒక్కటే లేదు.

ఇప్పుడు అందరి ఫోన్లల్ల అందరి గొంతులు ఉన్నయి... సగం వినకుంటనే తీసేస్తున్నం. మీ ఇండ్లల్ల గూడ గల్ఫ్ నుంచి వచ్చిన డిస్కులుంటే, అండ్ల ఎవరున్నరో కింద కామెంట్లల్ల రాయున్రి. కాపీ తియ్యకముందు డ్రైవ్ నంబర్ చూసుకోన్రి.

మామా, నువ్వు గిది చదువుతవని తెలుసు. తప్పు ఒప్పుకొమ్మని అడుగుతలేను. డిస్క్ గీతలు పడ్డా సరే, పగిలినా సరే, ముక్కలైనా కవర్ల పెట్టి ఇయ్యి. పారేసినవంటే గదన్న అవ్వకు నీ నోటితోని చెప్పు. ఆదివారం పొద్దుమూకె లోపల జవాబు రావాలె. రాకపోతే సోమవారం పొద్దుగాల నిచ్చెన పట్టుకోని నేనే వస్త.