చిన్నబండి గుడ్డచుట్ట

రాయివలస టైలరు పోతురాజు మాటెత్తితే జనం ముందు నవ్వుతారు, ఆ తర్వాత చెబుతారు. నవ్వరూ మరి? పండక్కి ఇస్తానన్న చొక్కా పండగ వెళ్లిన వారానికి గానీ గుండీలకు నోచుకోదు. "ఏటి పోతురాజూ, మా గుంటడు పాత సొక్కాతోనే ఊరంతా తిరిగీసినాడు" అని ఎవరైనా దెబ్బలాటకొస్తే, "ఆదోరం సంగం పని పడిపోనాది బావా, ఏటి సెయ్యమంటావు?" అంటాడు. ఆ పైన తిట్లన్నీ తలొంచుకుని పడతాడు. ఎవరికైనా కాదని చెప్పడం ఆ మనిషికి పుట్టుకతోనే రాలేదు.

సంఘమంటే మరేదో అనుకునేరు, రైలు చరిత్ర సంఘం. ఉప్పరేవు ఉప్పుమళ్ల దగ్గర బయల్దేరి, పొలాల్లోంచి, వాగులూ గెడ్డలూ దాటుకుంటూ కొండల్లోకి పోయే చిన్నబండి ఒకటుండేది. పెద్ద రైలు పక్కన నిలబెడితే పిల్లలాడుకునే బొమ్మలా ఉండేది. ఎత్తెక్కలేక ఆయాసపడుతుంటే కుర్రాళ్లు దిగి, దాని పక్కనే నడిచి, మళ్లీ ఎక్కేవారు. అలాంటి బండికీ ఓ చరిత్ర ఉందని, దాన్ని భద్రం చెయ్యాలని మొదట అనుకున్నవారు డ్రాయింగు మాష్టారు నరసింగరావుగారు. రిటైరవగానే స్టేషను రోడ్డులో గోగునార వ్యాపారి గంగులు గోడౌన్లో ఓ గది అడిగి పుచ్చుకున్నారు. పాత ఫొటోలు, టైంటేబుళ్లు, గార్డు దీపాలు, అట్ట టిక్కెట్లు, పట్టాలేసిన ముసలాళ్లు చెబితే రాసుకున్న కబుర్లు, అన్నీ అక్కడికి చేర్చారు. మొదట్లో ప్లీడర్లొచ్చారు, డాక్టర్లొచ్చారు, టీలు తాగారు, ఉపన్యాసాలిచ్చారు. రెండో ఏడు తిరిగేసరికి ఎటు పోయినవాళ్లు అటు పోయారు. పంతొమ్మిదివందల అరవై ఎనిమిది నాటికి సంఘంలో మిగిలింది ఇద్దరే. ఇంగ్లీషు చదివిపెట్టే మాష్టారు, చీపురూ సూదీ పట్టుకునే పోతురాజు.

టైలరుకి రైలు చరిత్రతో ఏం పని అంటారా? అక్కడికే వస్తున్నాను. అప్పటికి పదేళ్ల కిందట రైలు షెడ్డులో పాత సామాను పారేస్తుంటే, పట్టాల పని చేసే లక్ష్ముడు ఇంత లావు గుడ్డచుట్ట ఒకటి భుజాన వేసుకుని పోతురాజు కొట్టుకి వచ్చాడు. ఒక వైపు నున్నగా మెరిసే గుడ్డ.

"దీనికి గంజెక్కువ మావా. ఉడకేసి గంజి దించితే పట్టులాగుంటాదట. మా గుంటలకి సొక్కాలు కుట్టీ" అన్నాడు.

పోతురాజు కాగులో నీళ్లు మరిగించి ఒక కొస ముంచాడు. గంజి కరిగింది, దాంతోపాటు ఏవో గీతలూ కరిగాయి, తెల్లటి గుడ్డ బయటపడింది. మరి కాస్త ముంచబోతూ, ఎందుకో వెలుగులోకి ఎత్తి చూశాడు.

గుడ్డ మీద వంతెన ఉంది. నల్ల సిరాతో, వెంట్రుకంత సన్నటి గీతలతో, రాయి పక్కన రాయి పేర్చి గీసిన వంతెన. దాని కింద గెడ్డ, గెడ్డ ఒడ్డున తాటిచెట్టు, ఆ చెట్టుకి ఆకులు కూడా. మనిషి చేత్తో గీశాడంటే నమ్మబుద్ధి కాలేదు. తను కాలరుకి వేసే కుట్టు కన్నా దగ్గర దగ్గరగా ఉన్నాయి ఆ గీతలు. పోతురాజుకి ఒళ్లు ఝల్లుమంది. "ఓరి నాయనో, ఏ మారాజు గీసినాడో! ఉడకబెట్టీబోనాను గదా" అని లెంపలేసుకుని, పొయ్యి ఆర్పేసి, చుట్టని మాష్టారింటికి మోసుకుపోయాడు. లక్ష్ముడి పిల్లలకి వేరే గుడ్డతో చొక్కాలు కుట్టిచ్చాడనుకోండి.

మాష్టారు నాలుగు మూరలు విప్పి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగి చూశారు. చిన్నబండి వేసేటప్పుడు గీసిన పటం అది. ఉప్పరేవు నుంచి కొండల దాకా లైను మొత్తం ఒకే గుడ్డ మీద ఉంది. ఊళ్లు, బావులు, చెరువుగట్లు, నేల ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో, అన్నీ.

ఆనాటి నుంచి పోతురాజుకి ఆదివారాలు లేవు. గది ఊడ్చేవాడు. ఫొటోల మధ్య ఎండు వేపాకు, వసకొమ్ములు పెట్టేవాడు. గుడ్డచుట్టని నాలుగేసి మూరలు విప్పి, దుమ్ము దులిపి, చిరిగిన అంచులకి వెనక నుంచి అతుకు వేసి, మళ్లీ చుట్టేవాడు. గది చిన్నది కదా, నాలుగు మూరలకి మించి విప్పే చోటే లేదు. పదేళ్లు సేవ చేశాడు గానీ ఒక్కసారైనా దాన్ని నిండుగా చూసి ఎరగడు. "ఆ గుడ్డకి అతుకులేస్తావు గానీ, నా రవిక సిరిగి నెల్లాళ్లయినాది, అది కనపడదేటి నీకు?" అని పెళ్లాం లక్ష్మణమ్మ దెప్పుతూనే ఉండేది. దెప్పి, మళ్లీ తనే వేపాకు ఎండబెట్టి ఇచ్చేది.

ఆ ఏడు చలికాలం చివర గంగులు గది ఖాళీ చెయ్యమన్నాడు. గోగునార సరుకు పెట్టుకోవాలట. పాపం, ఇన్నేళ్లూ ఊరికే ఇచ్చాడు, అతన్ని అనడానికి లేదు. మాష్టారికి చూపు మందగించింది, ఓపిక సన్నగిల్లింది. పట్నంలో ఓ కాలేజీ వాళ్లు సంఘం సామాను మొత్తం పట్టుకుపోతామన్నారు. గుడ్డచుట్ట దగ్గర మాత్రం మెలిక పెట్టారు. అంత పొడుగుది వాళ్లకి పనికిరాదు, సొరుగుల్లో పట్టేలా ముక్కలు కోసి ఇస్తేనే పుచ్చుకుంటారు.

"కత్తెర పని నువ్వే చెయ్యాలి పోతురాజూ" అన్నారు మాష్టారు, ఎటో చూస్తూ. "నేను పోయాక చెదలు తినేస్తాయి. ముక్కలుగానైనా బతుకుతుంది కదా."

పోతురాజు ఎవరికి కాదన్నాడని, మాష్టారికి కాదంటాడు? "అలాగే బాబూ" అనేశాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"అతుకులేసిన సేత్తోనే కోసీమంటన్నారే" అన్నాడు పెళ్లాంతో.

"కొయ్యనని సెప్పలేకపోనావేటి?"

"నా నోటికి రాదు గదే."

లక్ష్మణమ్మకి ఒళ్లు మండింది. "నోరుండీ మూగోడివి! కోసీముందు ఓపాలి నిండుగా సూపించమనైనా అడుగు. అది అడగడానికి నోరుందా, నేదా?"

అది మాత్రం అడిగాడు. మాష్టారు వెంటనే ఒప్పుకున్నారు, ఆయనా నిండుగా చూసింది లేదు మరి. స్టేషను మాస్టరు జగన్నాధంగారు ఆదివారం పొద్దుటి బండి కొండల వైపు పోయాక, అది తిరిగొచ్చేదాకా ప్లాట్‌ఫాం మీద పరుచుకోమన్నారు. పోతురాజు తెల్లారకుండానే ప్లాట్‌ఫాం ఊడ్చి, ఇంటింటికీ తిరిగి చాపలు పోగుచేసుకొచ్చాడు.

విప్పడం మొదలెట్టారో లేదో, సముద్రం గాలి లేచింది. గుడ్డ తెరచాపలా పైకి లేవబోయింది. పోతురాజు దాని మీద పడ్డంత పని చేశాడు. రాళ్లు పెడితే చిరుగుతుంది, ఊరుకుంటే ఎగురుతుంది. తలప్రాణం తోకకొచ్చింది. "ఓలమ్మా! ఓ బాబూ! ఒక్కపాలి ఇలా రండి, అంచు పట్టుకుని కూకోండి!" అని కేకలేశాడు. ఆ రోజు సంతకని లైను వెంబడి ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లు గంపలు దించి వచ్చారు. ఎండుచేపలమ్మే మరిడమ్మ వచ్చింది, వరి రైతు ఎర్రన్న వచ్చాడు, డ్యూటీలో ఉన్న లక్ష్ముడు సుత్తి పక్కన పారేసి వచ్చాడు. చెప్పులు విడవమని ఎవరూ చెప్పలేదు. వాళ్లే విడిచారు.

"సేతులు తడి నేకుండా తుడుసుకోండి. నీటిసుక్క పడితే గంజి కరిగిపోతాది" అని పోతురాజు అటూ ఇటూ పరుగులు. ఈలోగా ముసలి దాలమ్మ ఎక్కడ తెచ్చిందో కొబ్బరికాయ తెచ్చి, "రైలుతల్లికి కొడతానుండు" అని చెయ్యెత్తింది. పోతురాజు పరిగెత్తుకెళ్లి ఆవిడ చేతిలో కాయ లాక్కున్నంత పని చేశాడు. "నీ కాళ్లు మొక్కుతానే అప్పా, ఆ ఇంజను నీళ్లకుండీ కాడ కొట్టీ!" అని అంత దూరం పంపించాడు.

చుట్ట విప్పుకుంటూ పోయారు. పోతున్న కొద్దీ వస్తూనే ఉంది. ప్లాట్‌ఫాం ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుని, ఇంకా మిగిలితే వాలు మీదుగా కిందికి దించారు. అప్పుడు పోతురాజు వెనక్కి తిరిగి చూశాడు.

ఉప్పుమళ్లు ఆ చివర. ఈ చివర కొండలు. మధ్యలో నేలంతా, తన బతుకంతా తిరిగిన నేలంతా, మెల్లగా ఎత్తెక్కుతూ పడుకుని ఉంది. తను ముక్కలు ముక్కలుగా ఎరిగిన తాటిచెట్లు, వంతెనలు, బావులు అన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు వరసగా నిలబడ్డాయి. ఇంత పెద్దదా! ఇంత పెద్దదాన్నా తను పదేళ్లుగా ఒళ్లో పెట్టుకుని కుట్టింది! కళ్లు వాటంతటవే నిండాయి. తడి, తడి అని గుర్తొచ్చి గబుక్కున దూరంగా జరిగి తుడుచుకున్నాడు.

మాష్టారు కళ్లజోడు సర్దుకుని, వంగి, ఊళ్ల పేర్లు పైకి చదవసాగారు. పేరు వినపడగానే ఆ ఊరి మనిషి లేచి, జనాన్ని తోసుకుంటూ వచ్చి అక్కడ కూర్చునేవాడు. "ఇది మా బావే! మా తాత తవ్వించినది!" అని ఎర్రన్న అరిచిన అరుపు సంత దాకా వినపడింది. "ఓర్నాయనో, మా ఊరు ఉప్పరేవు కన్నా ఇంతెత్తులో ఉన్నాదేటి!" అని ఇంకొకరు ముక్కున వేలేసుకున్నారు. కాసేపటికి ఎవరూ అరవడం లేదు. ఎవరి ఊరి దగ్గర వాళ్లు కూర్చుని, వేలితో తాకీ తాకనట్టు గీతల వెంబడి పోతున్నారు.

బండి తిరిగొచ్చే వేళవుతోంది. మాష్టారు తల ఊపారు. పోతురాజు కత్తెర తీశాడు.

మొదటి కోత గెడ్డవలస వంతెన పక్కన పడాలి. కత్తెర ఆనించబోతే మరిడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటి సేస్తన్నావు? ఉప్పరేవు నా కన్నోరిల్లు, గెడ్డవలస అత్తోరిల్లు. మద్దిని కోసీసి నన్నేటి సెయ్యమంటావు?"

జనం గొల్లుమన్నారు. మరిడమ్మ నవ్వలేదు. చెయ్యీ తియ్యలేదు. పోతురాజు "సరేనే తల్లీ" అని ఇవతలికి జరిగాడు. అక్కడ ఎర్రన్న. "మా బావి ఒక ముక్కలో, మా సేను ఒక ముక్కలోనా? నీకు తప్పనిపించదేటి? నా సొక్కా అయితే ఇలాగే కోస్తావా?" అన్నాడు. మరి కాస్త జరిగాడు. ప్రతిచోటా ఎవరో ఒకరు, ప్రతిచోటా ఓ చెయ్యి. ఆఖరికి కొండ మలుపు దగ్గరికి వచ్చాడు. అక్కడ ఊరు లేదు, బావి లేదు, చెట్టు కూడా గీయలేదు. హమ్మయ్య, ఇక్కడైతే ఎవరికీ నొప్పి లేదనుకుని వంగాడు. ఎదురుగా లక్ష్ముడు కూర్చుని ఉన్నాడు.

"మావా" అన్నాడు మెల్లగా. "ఈ కొండ తొలిసేటప్పుడు మా తాత ఇక్కడే బండ కింద పడిపోనాడు. ఇన్నాళ్లూ నాకు తెలీదు. ఈ పొద్దే మాష్టారు సదివి, ఇదే ఆ మలుపని సెప్పినారు."

పోతురాజు ఒంగినవాడు ఒంగినట్టే ఉండిపోయాడు. తర్వాత నిటారుగా లేచి, మాష్టారి వైపు తిరిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, "కొయ్యను బాబూ" అన్నాడు. "నా సేత కాదు. మీరేటన్నా అనండి, కొయ్యను."

ఉప్పుమళ్ల నుంచి కొండల దాకా ఆ అంచు వెంబడి మాష్టారు ఒక్కరే నడిచి వెళ్లారు, తిరిగి వచ్చారు. వచ్చి పోతురాజు చేతిలో కత్తెర తీసుకుని తన జేబులో వేసుకున్నారు. జగన్నాధంగారు దగ్గి, పార్సిలు గదిలో పై అటక ఖాళీగానే ఉందని, చెమ్మ కూడా చేరదని గోడకి చెబుతున్నట్టు చెప్పారు. ఎవరి అంచు వాళ్లే పట్టుకుని, అంత పొడుగుదాన్నీ మడత పడకుండా చుట్టేశారు.

మర్నాడు కాలేజీ గుమాస్తా పెట్టెల కోసం వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్థుడు. ఫొటోలు, టైంటేబుళ్లు అన్నీ సరిచూసుకుని, "గుడ్డ ముక్కలేవండీ?" అని అడిగాడు.

"కొయ్యడానికి చోటు దొరకలేదు నాయనా" అన్నారు మాష్టారు.

ఆ మాట అతనికి అర్థం కాలేదు. పోతురాజు అటక మీంచి చుట్ట దించి, నాలుగు మూరలు విప్పి చూపించి, నిన్నటి సంగతంతా చెప్పుకొచ్చాడు. కుర్రవాడు వింటూ వింటూ మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. వంతెన రాళ్లని ఒక్కొక్కటే చూశాడు. తర్వాత కాస్త సిగ్గుపడుతూ అడిగాడు.

"మాది గజపతినగరమండీ. ఇందులో మా ఊరుంటుందా?"

"లేదు బాబూ" అన్నారు మాష్టారు. "అది రాయగడ పోయే లైను, వేరు."

కుర్రవాడి మొహం చిన్నబోయింది. కాలేజీ పని మీద వచ్చినవాడు కాస్తా, పంక్తిలో విస్తరి వెయ్యనివాడిలా అయిపోయాడు. పోతురాజు అది చూశాడు. దగ్గరికి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ లైనుకీ ఇలాటి గుడ్డ ఎక్కడో ఉండే ఉంటాది బాబూ. షెడ్లలో ఎతకండి, బేగి ఎతకండి, ఎవులూ ఉడకబెట్టీకుండా. సిరిగిపోయి దొరికినా పరవానేదు, నాకాడికి తెచ్చీండి. నాను కుడతాను."