నేను విప్పనివ్వని పొట్లం

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఉన్నది ఒక పువ్వు బరువు. నవ్వకండి. మోసినవాడికి తెలుస్తుంది.

మాది పెరంబూరు. అప్పుడు నాకు యాభై, నా భార్య సుగుణకు నలభై దాటాయి. ఆలస్యంగా పెళ్లయినవాళ్లం. ప్రయత్నిస్తే బిడ్డ దక్కవచ్చు, ఇక జాగు చేయవద్దని డాక్టరమ్మ అంది. అప్పటినుంచి సుగుణ బియ్యం ఏరుతూ ఏరుతూ ఎక్కడికో వెళ్లిపోయేది. "మనవణ్ణి ఎత్తుకునే వయసులో ఉయ్యాల కడతావా సుగుణా?" అని మా అక్క వెక్కిరించింది. నాకు ఒళ్లు మండింది. ఎవరి ఉయ్యాల ఎవరికి బరువు?

కానీ నాలోనూ భయమే. నేను మా నాన్న ముసలితనంలో పుట్టాను. ఆయన పోవడంతో అయిదో తరగతిలోనే నా బడి ఆగింది. ఆ తర్వాత చదివిందంతా పాత పేపర్ల కొట్లోనే. నా బిడ్డకూ అదే రాతా?

తేల్చుకోలేక, అమ్మవారి ముందు పూలు కట్టి అడుగుదామంది సుగుణ. ఒక పొట్లంలో తెల్లపువ్వు, ఇంకోదానిలో ఎర్రపువ్వు. చేతికి తెల్లది వస్తే ప్రయత్నించడం, ఎర్రది వస్తే మరిచిపోవడం. రాయి మాట్లాడుతుందా అని ఊరంతా వాదించిన నేనే పొట్లాలు కడతానన్నాను. రెండింటిలోనూ ఎర్రగన్నేరే పెట్టాను. నమ్మనివాడికి ఆ మోసం ఎందుకు? తెల్లది వస్తే ఆమె ముఖం చూసి కాదనలేనని తెలిసి కాదూ?

తిరువొత్తియూరులో, సముద్రం పక్కన చిన్న గుడి. ఉప్పుగాలి, దీపాల పొగ. సుగుణ ఒక పొట్లం విప్పింది.

"ఎర్రదేనండీ." పువ్వును అరచేతిలో అటూ ఇటూ తిప్పి, "ఆ రెండోదీ విప్పుతామా? తెల్లపువ్వును ఒకసారి చూసుకుంటా."

"తప్పు. విప్పకూడదు."

"ఓహో, దేవుడి చట్టాలు కూడా చదివేసినారా?" అని నవ్వింది. ఆ ఎర్రపువ్వును కొప్పులో పెట్టుకుంది. రెండోదాన్ని నేను అలల్లోకి విసిరేశాను.

త్వరగా పోతానని భయపడ్డవాణ్ణి, డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా ఇంకా పోలేదు. కొన్ని సాయంత్రాలు ఎవరో అమ్మాయి తడిసిన గొడుగు దులుపుకుంటూ మెట్లెక్కి వస్తున్నట్టు ఉంటుంది. పక్కకు జరిగి చోటిస్తాను. ఎవరూ కూర్చోరు.

మొన్న మా పైవాటా అమ్మాయి వచ్చింది. కంప్యూటర్ ఉద్యోగం, నలభైకి దగ్గర. ఇప్పుడు మొదటి బిడ్డ కోసం ప్రయత్నించాలా వద్దా అని సుగుణను అడిగింది.

"పూలు కట్టి అడగమ్మా. నాకు ఆ గుళ్లో అమ్మవారు తేటగా చెప్పేసింది. మళ్లీ మనసు ఊగలేదు," అంది సుగుణ. ఆ అమ్మాయి తల ఊపింది. నేను పక్కనే ఉన్నాను. నా అబద్ధం నా కళ్లముందే ఇంకో ఇంటికి మెట్లెక్కి పోయింది.

అందుకే రాస్తున్నాను. సుగుణకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. చెప్పినా ఆమె పోగొట్టుకున్నది తిరిగి రాదు. క్షమించమని ఎవరినీ అడగను. అమ్మవారు వద్దనలేదు. నేను వద్దన్నాను. ఈ మాట ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే లేదు. ఊపిరి కొంచెం ఆడుతోంది.